పొంగు ఎటు పడితే అటు

సోమవారం, క్యాంపు గిన్నె

రోజూ ఇది రాయాలట. ఆఫీసు వాళ్ళు దీన్ని లాగ్ అంటారు. మా అమ్మమ్మ బతికుంటే లాగంటే నిక్కరనుకునేది. ఆవిడ అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు, రెండూ ప్రభుత్వం వారి పరువు కప్పడానికే. మా సర్వే అధికారి చక్రధరరావు గారు వీటిని చదవరు. పేజీ నిండిందా లేదా అని మాత్రం చూస్తారు. కాబట్టి నోటికొచ్చింది రాసుకోవచ్చు.

నా పేరు మంగతాయారు. నా ఉద్యోగం పాలు పొంగించడం. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం. కొత్తింట్లో దిగేటప్పుడు ఆ ఇంటి ఆడపడుచు వచ్చి, పొయ్యి వెలిగించి పాలు పొంగిస్తే తప్ప అది ఇల్లనిపించుకోదు కదా. మా తాతలు భూమి నుంచి ఈ కుజగ్రహానికి వస్తూ వస్తూ ఆవకాయ జాడీలతో పాటు ఆ ఆచారాన్ని కూడా రాకెట్లో మోసుకొచ్చారు. జాడీలు దారిలోనే పగిలిపోయాయట. ఆచారం మాత్రం చెక్కు చెదరకుండా దిగింది. మా ప్రాగ్దేశం వారు దాన్ని ఏకంగా చట్టం చేసేశారు. మా ఆడపడుచు ఏ గిన్నెలో పాలు పొంగిస్తే ఆ గిన్నె మా దేశానిది. గిన్నె అంటే ఎప్పుడో ఉల్క పడి ఏర్పడిన పల్లం. ఈ గ్రహం ఒళ్ళంతా అవే, మశూచి పోసినట్టు.

నా హోదా ప్రభుత్వ ఆడపడుచు. పాలు ఎటు పొంగి పడితే దేశం హద్దు అటువైపు ఇంకో గిన్నె దూరం జరుగుతుంది. పూర్వం తూర్పుకు పొంగితే మంచిదనేవారు. కానీ మా దేశం తూర్పున ఉంది, ఖాళీ స్థలమంతా పడమర ఉంది, అందుకని శాస్త్రమే మారింది. ఇప్పుడు పడమరకు పొంగితేనే శుభం. ఏ గోడ చూసినా "పడమర మన పెరడు" అని రాసి ఉంటుంది. ఆ సంగతి పాలకు తెలియదు కాబట్టి, పొయ్యికి తూర్పు వైపు కాళ్ళ కింద ఒక చెక్క ముక్క పెడతాం. దాన్ని ప్రగతి చెక్క అంటారు. స్టోర్సులో సంతకం పెట్టి తెచ్చుకోవాలి, పని కాగానే తిరిగి ఇచ్చెయ్యాలి.

మా అమ్మమ్మకు కుజదోషమని భూమ్మీద ఒక్క సంబంధమూ కుదరలేదట. ఆవిడకు ఒళ్ళు మండి కుజుడి మీదికే వచ్చేసింది. ఇప్పుడిక్కడ జాతకాల్లో భూదోషం చూస్తున్నారు. మనం గ్రహం మారతాం గానీ బుద్ధి మారం.

బుధవారం, క్యాంపు గిన్నె

ఈ రోజు చక్రధరరావు గారు మాకు క్లాసు పీకారు. ఏడాదికోసారి పీకుతారు, ప్రతిసారీ అదే పాఠం. భూమ్మీద అమెరికా అనే దేశం పడమరకు ఎలా పెరిగిందీ అని. ఆయన ఆ దేశాన్ని తలుచుకుంటే మేనమామ ఆస్తిని తలుచుకున్నట్టు కళ్ళు మెరుస్తాయి.

ఆ దేశం వాళ్ళు ఓ మహా మైదానాన్ని సముద్రం అవతలున్న ఫ్రాన్సు దగ్గర కొన్నారట. అమ్మినవాళ్ళు దాన్ని సరిగ్గా చూసింది లేదు, కొన్నవాళ్ళు చూసింది లేదు. చూసినవాళ్ళు అక్కడే తరతరాలుగా ఉన్నారు, వాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే కదండీ అన్నాను. మధ్యలో మాట్లాడొద్దన్నారు. తర్వాత బండ్లు కట్టుకుని జనం బయలుదేరారు. ఐదేళ్ళు ఇల్లు కట్టుకుని ఉండి సాగు చేసుకుంటే నూట అరవై ఎకరాలు నీవే అని చట్టం చేశారు. ఇల్లు కనీసం పన్నెండుకి పద్నాలుగు ఉండాలన్నారట గానీ, అడుగులా అంగుళాలా అని రాయడం మర్చిపోయారని ఒక కథ. కొందరు మహానుభావులు బొమ్మరిల్లు చేసి నేల మీద పెట్టి, ఇదిగో మా ఇల్లు అని సాక్షులకు చూపించారట.

అందుకే మన పెద్దలు జాగ్రత్తపడ్డారు, అదీ పాఠంలోని నీతి. గోడలు చూపించి మోసం చెయ్యొచ్చు, పాలు పొంగడాన్ని మాత్రం ఎవడూ మోసం చెయ్యలేడు అని. ప్రగతి చెక్క మాటేమిటి అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

అసలు తమాషా చట్టంలో మా ఆడపడుచుల సెక్షను. మొదట్లో పాలు పొంగించిన ఆడవాళ్ళు కొందరు, మేం పొంగించాం కాబట్టి గిన్నె మాదే అన్నారు. ప్రభుత్వానికి చెమటలు పట్టాయి. వెంటనే ఒక వాక్యం చేర్చారు. నాకు కంఠతా వచ్చు: "పొంగించిన స్త్రీకి గిన్నెపై హక్కు లేదు, ఆమె ఏ ఇంటి ఆడపడుచో గిన్నె ఆ ఇంటిది." ఆడపడుచు వస్తుంది, పొంగిస్తుంది, పోతుంది. ఇల్లు అన్నదమ్ములది. అన్న అంటే ఇక్కడ ప్రభుత్వం. లోకంలో ఏ అన్నయినా పాలు పొంగించిన చెల్లెలికి చీర పెడతాడు. ఈ అన్న ఇంతవరకూ రవికల గుడ్డ కూడా పెట్టలేదు. నేను అడగని సంవత్సరం లేదు. బడ్జెట్ లేదంటారు.

నేను పడుకునే మంచం మూడు షిఫ్టులది. నేను లేచేసరికి ఇంకొకావిడ దుప్పటి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆవిడ వెచ్చదనం మీద వేరొకావిడ పడుకుంటుంది. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క రోజు కూడా తెల్లారిన తర్వాత మంచం మీద దొర్లలేదు. క్లాసయ్యాక చక్రధరరావు గారు నన్ను పక్కకు పిలిచి, మన పడమర పక్కనే ఉన్న ఊటగిన్నె పొంగిస్తే నాకు సొంత ఇల్లు రాయిస్తానన్నారు. తలుపు మీద నా పేరుంటుందట. ఊటగిన్నె కింద మంచు పొర ఉంది, రాజధానిలో నీళ్ళు అడుగంటాయి, అదీ తొందర. ఉపగ్రహం రిపోర్టు కూడా చూపించారు. ఊటగిన్నె: పొయ్యిలు లేవు. ఇళ్ళు లేవు. ఖాళీ.

మధ్యాహ్నమంతా ఆ తలుపుకు ఏ రంగు వేయించాలా అని ఆలోచించాను. ఆకుపచ్చ వేయిస్తాను. ఇక్కడ ఎర్రటి దుమ్ము చూసి చూసి కళ్ళు విసిగిపోయాయి.

శుక్రవారం, ఊటగిన్నె

ముందుగా ఒకసారి వెళ్ళి పొయ్యి సరిచూసుకుని రావాలి, అది పద్ధతి. బండి నడుపుకుంటూ పోయి గిన్నె నడిమధ్యన గుడారం దింపాను. బయట గాలి లేదు కాబట్టి గుడారం ముందు పంపుతో ఉబ్బాలి, తర్వాత లోపల పొయ్యి వెలగాలి. ఈసారి పంపు పెట్టకుండానే గుడారం ఉబ్బింది. ప్రభుత్వం వారి వస్తువు తనంతట తాను పనిచేయడం నేనెన్నడూ చూడలేదు. అప్పుడే అనుమానించాల్సింది. నా అదృష్టం బాగుందనుకుని, తలకున్న గాజు బుట్ట తీసేసి మీథేన్ పొయ్యి వెలిగించాను.

పాలు పెట్టానో లేదో, నేల నెర్రెలో నుంచి ఒక చెయ్యి వచ్చి పొయ్యి ఆర్పేసింది.

నా గుండె జారి అరికాలిలో పడింది. ఆ చెయ్యి వెనకాల అతుకుల సూటు, ఆ సూటులో నడివయసు మనిషి ఒకాయన పైకొచ్చాడు. కోపంగా ఉన్నాడు గానీ మాట మెల్లగానే ఉంది.

"ఏటమ్మా, మా ఊపిరి తగలెడతన్నావు? కింద పిల్లలున్నారు."

అప్పుడర్థమైంది. నా గుడారం ఉబ్బింది వాళ్ళ గాలితో. పాత నెర్రె మీద దింపాను కాబట్టి అది బరువుకు విచ్చుకుని, వాళ్ళు కింద దాచుకున్న గాలి పైకొచ్చింది. నేను హాయిగా దాన్ని కాల్చి పాలు కాచుకుంటున్నాను. ఆయన పేరు తవిటయ్య. నెర్రెకు బంక పెట్టి మూసి, వేరే దారిన నన్ను కిందికి రమ్మన్నాడు. నా చెయ్యి కాలిందేమో చూస్తానని, తిట్టడానికి కాదు.

కింద ఒక ఊరుంది. ఎప్పుడో లావా పారగా మిగిలిన సొరంగం అది, రైలు పట్టేంత వెడల్పు. ఈ గ్రహం మీద మొట్టమొదట గోతులు తవ్వడానికి తెచ్చిన కూలీల మనవలు వీళ్ళు. తెచ్చిన కంపెనీ దివాలా తీసి పోయింది, తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు, వీళ్ళు ఉండిపోయారు. తమను లోనోళ్ళు అనుకుంటారు. మనల్ని పైనోళ్ళు అంటారు. నిప్పు అనేదే వెలిగించరు. పీల్చే గాలిని కాల్చడం వీళ్ళకు మహాపాపం, పసిపిల్లవాడి నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు. తిండి అంతా నానబెట్టినదీ పులియబెట్టినదీ. నాకు చల్లటి అంబలి పెట్టారు. మొహమాటానికి ఒక గుక్క తాగి, తర్వాత మొహమాటం లేకుండా మరో గిన్నెడు తాగాను.

తవిటయ్య తల్లి పేరు పారమ్మ. పళ్ళు పోయాయి, నాలుక మిగిలింది. ఇంతకీ నీ పనేంటి అని అడిగింది. పాలు పొంగిస్తానన్నాను. పొంగిస్తే ఏమవుతాయంది. కిందపడతాయన్నాను. కింద పడెయ్యడానికి జీతమిస్తారా అని ఆవిడ నవ్విన నవ్వుకు సొరంగమంతా ప్రతిధ్వని వచ్చింది. ఇరుగుపొరుగులు వచ్చి మళ్ళీ చెప్పించుకుని మళ్ళీ నవ్వారు.

చివరికి నేను ఉపగ్రహం రిపోర్టు సంగతి చెప్పక తప్పలేదు. పొయ్యి లేకపోతే ఇల్లు లేనట్టు, ఇల్లు లేకపోతే మనిషి లేనట్టు, కాబట్టి ఈ గిన్నె ఖాళీ. తవిటయ్య నవ్వడం మానేశాడు. పొయ్యి లేనంత మాత్రాన ఇల్లు కాదంటారేటి అని ఒక్క మాట అన్నాడు.  ఆకుపచ్చ తలుపు గుర్తొచ్చి అంబలి గిన్నె కింద పెట్టేశాను.

బయలుదేరుతుంటే పారమ్మ ఆగమంది. గోడ మీద ఎర్రదుమ్ము వేలితో తీసి నా నుదుట బొట్టు పెట్టింది. కుంకానికి కరువు లేని గ్రహం ఇది. తర్వాత పెట్టెలోంచి పసుపు రంగు గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ళ తాతలు దిగిన పారాచూట్‌లోంచి కోసిన ముక్కట.

"ఆడపిల్ల ఒట్టి సేతుల్తో గుమ్మం దాటకూడదు. తీసుకో."

తీసుకున్నాను. బండెక్కాక దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. గాజు బుట్టలో ఏడిస్తే కళ్ళు తుడుచుకోవడానికి కుదరదు, ఆ చిరాకుతో ఇంకొంచెం ఏడ్చాను.

శనివారం, క్యాంపు గిన్నె

పొద్దున్నే వెళ్ళి ఊటగిన్నెలో మనుషులున్నారండీ అని చెప్పాను. చక్రధరరావు గారు టీ తాగుతున్నారు. తాగుతూనే ఉన్నారు. ఉంటే ఉన్నారు, ఇళ్ళు లేవుగా అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ గాలి ఏమవుతుందని అడిగాను. మంచు తోడటానికి మరలు దింపితే సొరంగం పైకప్పు పగులుతుంది, కాబట్టి వాళ్ళను ఎక్కడో సురక్షిత గిన్నెకు తరలిస్తారట. అక్కడ నీళ్ళున్నాయా అంటే పరిశీలనలో ఉందన్నారు. గాలి ఉందా అంటే అదీ పరిశీలనలోనే ఉందట. అమెరికా వాళ్ళు కూడా తరలించారు తాయారూ, చరిత్ర అంటే అలాగే ఉంటుంది అని బుజ్జగించారు. ఆ చరిత్రలో తరలినవాళ్ళు ఏమయ్యారండీ అంటే, ఆయన కప్పు కింద పెట్టి, అది సిలబస్‌లో లేదన్నారు.

తర్వాత సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. నా ఇంటిది. దానికి నా పేరు చెక్కిన బిళ్ళ కూడా ఉంది. మంగళవారం కార్యక్రమం, పొంగించగానే ఇది నీది, నువ్వు కాదంటే ఇంకో ఆడపడుచు రేపే వస్తుంది అన్నారు. ఆ మాట నిజం. నేను రాజీనామా ఇస్తే నా మొహాన పడేది నా రాజీనామా మాత్రమే. ఊటగిన్నె ఎలాగూ పొంగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ సారి ప్రత్యక్ష ప్రసారం. అటు చివరి నుంచి పశ్చిమసీమ అనే దేశం ఇటు పాకుతూ వస్తోంది. వాళ్ళు జెండాలు పాతుతారు, మనం పాలు పొంగిస్తాం, ఎవరి పిచ్చి వారికానందం. ఊటగిన్నె మాదని వాళ్ళూ అంటున్నారు. కాబట్టి వాళ్ళ పరిశీలకుడు ఒకాయన గుడారంలో కూర్చుని అంతా చట్టప్రకారం జరిగిందా లేదా చూస్తాడు. వాళ్ళ హద్దులు మింగడానికే మనవాళ్ళు చట్టంలో "పాత హద్దులు ఏవున్నా సరే, పొంగు పడిన వైపే చెల్లుతుంది" అని రాసుకున్నారు. ఆ వాక్యం చదువుతున్నప్పుడు చక్రధరరావు గారి మీసం కూడా మురిసిపోయింది.

ఇది నేనే చదువుకుంటాను కాబట్టి రాస్తున్నాను. ఆ తాళంచెవి నాకు కావాలి. చాలా కావాలి. లోనోళ్ళను చూడకుండా ఉంటే ఎంత బావుండేదో అని కూడా అనుకున్నాను.

ఆదివారం, ఊటగిన్నె

సెలవు రోజు బండి తియ్యకూడదు. తీశాను.

తవిటయ్యకూ పారమ్మకూ మంగళవారం సంగతంతా చెప్పేశాను. సొరంగంలో జనం పోగయ్యారు. ఒకళ్ళు పోరాడదామన్నారు, దేనితో అంటే అంబలి కుండలు తప్ప ఏమీ లేవు. ఒకళ్ళు మనమే పొయ్యి వెలిగించి పాలు పొంగిద్దాం, అప్పుడు ఇల్లవుతుంది కదా అన్నారు. పారమ్మ కర్ర నేలకు కొట్టింది. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఇంట్లోవాళ్ళ ఊపిరి కాలుస్తారా అంది.  పైగా వాళ్ళ దగ్గర పొయ్యి లేదు, పాలు అంతకన్నా లేవు.

దిక్కుతోచక కూర్చుంటే పారమ్మకు నా మీద జాలేసింది. ఊరు పోతున్నది తమదైతే ఓదార్పు నాకు. నా జుట్టు చిక్కు తీస్తూ ఊసుపోక అడిగింది, ఇన్ని ఇళ్ళకు పాలు పొంగించావు కదా, మీ అన్నలు నీకు ఎన్ని చీరలు పెట్టారని. ఒక్కటి కూడా పెట్టలేదన్నాను. రవికల గుడ్డ? అదీ లేదు. బొట్టు పెట్టి భోజనానికి కూర్చోబెట్టారా? క్యాంటీన్ టోకెను ఇస్తారన్నాను. ఆవిడ దువ్వెన ఆపేసింది.

"బొట్టెట్టనోళ్ళకీ గుడ్డెట్టనోళ్ళకీ నువ్వు ఆడపడుసువెలాగయ్యావే?"

ఎలాగయ్యానా అని నేనూ ఆలోచించాను. ఆలోచిస్తూ ఉంటే మా సెక్షను నాలుక మీదికి వచ్చింది. ఆమె ఏ ఇంటి ఆడపడుచో గిన్నె ఆ ఇంటిది. నా ఒళ్ళో పసుపు గుడ్డ ఉంది. నుదుట శుక్రవారం నాటి ఎర్రదుమ్ము ఇంకా పోలేదు, మా క్యాంపులో నీళ్ళకు రేషను. నాకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. మమ్మల్ని ఇంటి నుంచి వెళ్ళగొట్టడానికి రాసుకున్న వాక్యం అది. ఎన్నాళ్ళ నుంచో వల్లిస్తున్నాను, ఒక్కసారీ రెండో వైపు తిప్పి చూడలేదు.

విషయం చెప్పాను. తవిటయ్య చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. మరి నీ ఇల్లో అన్నాడు. తాళంచెవి సంగతి కూడా నేనే వాగి ఉన్నాను. పోతుందన్నాను.  ఆయన లేచి వెళ్ళి, వాళ్ళ అమ్మ చేత మిగతా పారాచూట్ గుడ్డ కూడా తీయించి, చీర పొడవు చేసి కుట్టమని వాళ్ళావిడకు ఇచ్చాడు.

పారమ్మ ఒక్కటే షరతు పెట్టింది. వెలిగించేది ప్రభుత్వం గాలితోనే వెలిగించాలి, తమది ముట్టుకోకూడదు. ప్రభుత్వం గాలి ఎంత కాల్చినా నాకు అభ్యంతరం లేదన్నాను.

మంగళవారం, ఊటగిన్నె

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

పెద్ద గుడారం వేశారు, ఈసారి నెర్రెకు దూరంగా, సొంత సిలిండర్లతో. తోరణాలు ప్లాస్టిక్‌వి. కెమెరా వెలిగిందో లేదో చక్రధరరావు గారి గొంతులోకి బెల్లం వచ్చింది. కెమెరా లేనప్పుడు నేను ఏయ్ తాయారుని, ఉన్నప్పుడు చెల్లెమ్మని. పశ్చిమసీమ పరిశీలకుడు మూల కుర్చీలో కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. నేను పసుపు పచ్చ చీర కట్టుకుని వచ్చాను. ఆహా, చెల్లెమ్మ ఎంత కళగా ఉందో చూశారా అన్నారు చక్రధరరావు గారు దేశానికంతటికీ వినబడేలా. చీర ఎక్కడిదని అడగలేదు. అడగాల్సిన మాట అదొక్కటే.

మా ఇంటివాళ్ళు ఇద్దరొస్తారు, చూడటానికి ముచ్చటపడుతున్నారని ముందే అనుమతి తీసుకున్నాను. తవిటయ్యా పారమ్మా వచ్చి నా పక్కన నిలబడ్డారు. కెమెరాకు నిండుగా ఉంటుందని చక్రధరరావు గారు సంతోషించారు.

పొయ్యి నేనే అమర్చుకున్నాను. చెక్క నేనే పెట్టాను. ఎటు పెట్టానో ఎవరూ వంగి చూడలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వంగి పొయ్యి కిందికి చూసిన అధికారి ఉంటే చెప్పండి.

వెలిగించే ముందు చట్టప్రకారం ఒక ప్రశ్న అడగాలి. చక్రధరరావు గారు చేతులు కట్టుకుని, నవ్వుతూ, రాగం తీసి అడిగారు.

"ఎవరింటి ఆడపడుచువమ్మా నువ్వు?"

ఇన్నిసార్లు చెప్పిన జవాబు నోట్లో సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసి చెప్పాను.

"ఊటగిన్నె తవిటయ్య ఇంటి ఆడపడుచుని. ఇదిగో మా అన్న. ఇదిగో ఆయన పెట్టిన చీర. మా అమ్మ పెట్టిన బొట్టు ఇది."

 చక్రధరరావు గారి నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు. మూల కుర్చీలో పరిశీలకుడు గోళ్ళు చూసుకోవడం మానేశాడు. నేను పొయ్యి వెలిగించాను. గుడారంలోని పలచటి గాలిలో పాలు వేడెక్కకముందే పొంగుతాయి, ఆపుదామనుకున్నవాడు ఆలోచించుకునేలోపే. తెల్లగా లేచి, గిన్నె అంచు మీద ఒక్క క్షణం తటపటాయించి, ధారగా దిగాయి.

తూర్పుకు.

తూర్పున ఉన్నది క్యాంపు గిన్నె. మా ఆఫీసు, స్టోర్సు, క్యాంటీన్, మూడు షిఫ్టుల మంచాలు, చక్రధరరావు గారి క్వార్టర్సు, ఆయన కుండీలో పెంచుకుంటున్న కరివేపాకు మొక్క, అన్నీ అందులోనే ఉన్నాయి. పాత హద్దులు ఏవున్నా సరే.

ఆయన చెవిలోని యంత్రంలో రాజధాని అరుస్తూ ఉండటం నాకు కూడా వినబడింది. ఇది చెల్లదు, చీర పెట్టినంత మాత్రాన అని ఆయన మొదలుపెట్టారు. పరిశీలకుడు లేచి చాలా మర్యాదగా అన్నాడు, ఇది చెల్లకపోతే ఇదే సెక్షను కింద మీరు పొంగించిన గిన్నెలేవీ చెల్లవు కదండీ, మా దేశానికి అలా రాసుకోమంటారా అని. చెవిలో అరుపు ఆగింది. చాలాసేపటికి ఏదో చిన్న మాట వినబడింది. చక్రధరరావు గారు తల వంచుకుని, ఊటగిన్నెయూ దానికి తూర్పున గల గిన్నెయూ తవిటయ్య గారి ఇంటివని కెమెరాకు చెప్పారు. గారు అన్నారు. నేను విన్నాను.

పారమ్మ మాత్రం కింద పడిన పాల వంక చూస్తూ, పారబోయకుండా తాగితే ఇల్లవదా అని నన్ను అడిగింది.

శుక్రవారం, ఊటగిన్నె

ఉద్యోగం ఊడింది. ఊహించిందే. తాళంచెవి వెనక్కి తీసుకున్నారు, బిళ్ళ మీద నా పేరు అరగదీసి వేరే పేరు చెక్కుతారట. ఆ ఆకుపచ్చ తలుపు తలుచుకుని నిన్న ఒక పూట అన్నం మానేశాను. అన్నమంటే అంబలే అనుకోండి.

చట్టం రాత్రికి రాత్రి మారింది. ఇక మీదట ఆడపడుచు అనే మాట ఎక్కడా ఉండదు. క్షీర సాంకేతిక సహాయకురాలు అంటారు. ఆ సహాయకురాళ్ళంతా నిన్న చీరల కోసం సమ్మె చేశారని రేడియోలో విన్నాను. ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు, ఒకటి రెండు ఫోన్లు చేశాను అంతే. ఒకావిడ మాత్రం చీర సంగతి వదిలేసి, తాను పొంగించబోయే గిన్నెలో కింద మనుషులున్నారేమో తెలియాలంటే నేల ఎలా తట్టి చూడాలని అడిగింది. మడమతో తట్టమన్నాను.

ఇవాళ చక్రధరరావు గారు వచ్చారు. ఆఫీసు అక్కడే ఉంచుకోవడానికి తవిటయ్య అనుమతి కావాలి మరి. కొత్తల్లుడిలా పీట చివర కూర్చున్నారు. పారమ్మ అంబలి పోసింది, తాగారు. వెళ్ళేటప్పుడు ఆవిడ ఆయన చేతిలో కూడా ఏదో పెట్టింది. చూస్తే బుల్లి గుడ్డ ముక్క, మీ ఆవిడకు ఇమ్మని. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయో, అంబలి పులుపుకు అలా అయ్యాయో నేను చెప్పలేను.

ఆయన వెళ్ళాక తవిటయ్యా నేనూ గిన్నె అంచుకు ఎక్కాం. కింద క్యాంపు దీపాలు కనిపిస్తున్నాయి. నిన్నటి దాకా ఎవరిదో, ఇవాళ మనది. తవిటయ్య నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. ఆ నిలబడటం నేనెక్కడో చూశాను. గోడల మీది పోస్టర్లలో "పడమర మన పెరడు" పక్కన ఒకడు అచ్చం అలాగే నిలబడి ఉంటాడు.

"సెల్లీ, ఆ క్యాంపుకి అవతల గిన్నె ఏటది? ఖాళీయేనా?"

 అన్నా, మడమతో తట్టి చూశావా అన్నాను. ఆయనకు అర్థమై సిగ్గుపడ్డాడు. పడి, నాకంటే ముందే దిగాడు. దిగాక మాత్రం, ఊరికే, చూసిస్తాను, ఆ సెక్క ఏదీ అని అడిగాడు.

ప్రగతి చెక్క నా దగ్గరే ఉంది. స్టోర్సులో తిరిగి ఇవ్వలేదు, అదొక్కటే నేను ప్రభుత్వం దగ్గర కొట్టేసింది. పారమ్మ నాకు సొరంగం గోడ వారగా మంచం వేయించింది. నాదే, షిఫ్టుల్లేవు. ఒక కాలు పొట్టిదై ఊగుతుంటే చెక్క దాని కింద దోపాను. సరిగ్గా సరిపోయింది, ఇప్పుడు ఊగడం లేదు.

తవిటయ్య మళ్ళీ వస్తాడు, నాకు తెలుసు. చెక్క కావాలంటే మంచం ఎత్తాలి, మంచం ఎత్తాలంటే నన్ను లేపాలి. ఇది రాస్తూ ఉండగానే తెల్లారింది, ఎంతసేపైందో తెలియదు. నేను లేవను.